పళ్ల డాక్టరు దగ్గరికి నీళ్లు

ఊళ్లో ఎవరింటికి వెళ్లినా ఆ ఇంటి నీళ్లు రుచి చూస్తే తప్ప వెంకటప్పయ్యకు తోచదు. కాఫీ ఇస్తే వద్దంటాడు, మజ్జిగ ఇస్తే పక్కన పెడతాడు. "గ్లాసెడు మంచినీళ్లియ్యమ్మా," అంటాడు. పోనీ, తాగేస్తాడా అంటే అదీ కాదు. నోట్లో పోసుకొని, బుగ్గలు పొంగించి, కళ్లు మూసుకొని, జపం చేసుకున్నట్టు వేళ్ల కణుపుల మీద ముప్పై దాకా లెక్కపెడతాడు. అంతవరకూ ఆ ఇంటివాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడాల్సిందే.

"బోరు పైపు మార్పించినట్టున్నారే?" అంటాడు చివరికి. నిజంగానే మార్పించి ఉంటారు.

ఆయన భార్య పద్మావతమ్మకు ఇది ముప్పై ఐదేళ్ల తలవంపు. కూతురికి సంబంధం చూడటానికి వెళ్లినప్పుడు అబ్బాయి ఉద్యోగమేమిటో కూడా అడగలేదు మహానుభావుడు. వాళ్లింటి నీళ్లు పుక్కిలించి, "సంబంధం మంచిదే. సున్నం కాస్త ఎక్కువ," అని తేల్చేశాడు.

రెండేళ్ల కిందట ఊరి చివర, ఆయిల్ పామ్ తోటల అవతల, ఓ గ్యాస్ కంపెనీ జెండాలు పాతింది. ఇంజనీరు జయప్రకాశ్ మీటింగు పెట్టి తెర మీద బొమ్మలు చూపించాడు. కిలోమీటరు లోతున రాయి ఉందట. నీళ్లూ ఇసుకా మందులూ కలిపి బలంగా కొడితే అది బీటలిస్తుందట, గ్యాస్ పైకొస్తుందట.

"మీ బోర్లు మూడొందల అడుగులే. వాటి జోలికే మేం రాం సార్."

"మీ పైపు మా నీళ్ల మధ్యలోంచే గదా బాబూ దిగేది?" అన్నాడు వెంకటప్పయ్య.

"చుట్టూ సిమెంటు పోస్తాం."

"మా బాత్రూముకీ పోశాడు మేస్త్రీ. గృహప్రవేశం చుట్టాలు ఇంకా ఇంట్లో ఉండగానే బీటలిచ్చింది. సరే, ఆ మందుల పేర్లేందో చెప్పు."

"అది కంపెనీ రహస్యం సార్."

"కూరలో ఏమేశాడో వంటోడు చెప్పనంటే విస్తరి ముందు ఎవడు కూర్చుంటాడయ్యా?"

జనం ఘొల్లుమన్నారు. మీటింగులో పంచిన సీసా నీళ్లు కూడా ముప్పై దాకా పుక్కిలించి, "వీటికి ఊరూ పేరూ లేదు," అని పెదవి విరిచాడు వెంకటప్పయ్య.

ఆ రోజు నుంచి పిచ్చి ముదిరింది. రుచితో ఆగక, ఇంటింటికీ తిరిగి సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చేవాడు. వాటి మీద పేర్లూ తేదీలూ రాసి దేవుడి గదిలో వరసగా పెట్టాడు. రాములవారికి కాలు మోపే చోటు లేదు. ఓసారి పద్మావతమ్మ చెల్లెలు ప్రమీల వచ్చి, భద్రాచలం గోదావరి తీర్థమనుకొని, మూడు సార్లు భక్తిగా పుచ్చుకొని కళ్లకద్దుకుంది. అది తండాలో ఉండే బిచ్యా గేదెల తొట్టి నీళ్లు.

దానికి తోడు పళ్ల డాక్టరంటూ నెలనెలా ఖమ్మం బస్సెక్కడం మొదలుపెట్టాడు. "అన్ని నీళ్లు పుక్కిలిస్తే పళ్లు కదలవా మరి!" అని దెప్పేది పద్మావతమ్మ. పన్ను ఒక్కటీ ఊడింది లేదు, కట్టించుకున్నదీ లేదు.

కంపెనీ పని మొదలై నాలుగు నెలలు గడిచాయి. ఒక ఉదయం తండా నుంచి బాలి బిందెతో వచ్చింది. బిందె నిండా నురగ, కిరసనాయిలు వాసన.

"పెద్దయ్య లేడా అమ్మా? మొన్న సీసాల పట్టుకపోయిండు. పిల్లలకు ఒళ్లంత దద్దుర్లు లేస్తున్నయ్. ఇవే తాగాలె, మా ఇంటికి ఇంకో బోరు లేదాయె."

వెంకటప్పయ్య ఆ పొద్దున్నే పళ్ల డాక్టరు దగ్గరికి పోయాడు. తిట్టుకుంటూ పద్మావతమ్మే బాలి వెంట కంపెనీ షెడ్డుకు వెళ్లింది.

జయప్రకాశ్ బిందెలోకి చూడనైనా చూడలేదు. "ఇక్కడి నీళ్లు మొదట్నుంచీ ఇంతేనమ్మా. ముందు బాగుండేవని కాయితం ఉందా?"

బాలి బిక్కమొహం వేసింది. "నీళ్లకు కాయితం ఏంది సారూ? మేం తాగినం, బతికినం."

పద్మావతమ్మకు ఒళ్లు మండింది. కాయితం లేకపోతే పోయింది, సీసా అయినా వాడి మొహాన పెడదామని ఇంటికి పరుగెత్తింది. "బాలి, తండా" అని రాసిన సీసా లాగితే, దాని కింద మడత పెట్టిన కాయితం కనిపించింది. ఖమ్మంలో నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్ రిపోర్టు. కంపెనీ డ్రిల్లు దిగకముందు తేదీ. పక్క సీసా కిందా ఒకటి. తండాలో ప్రతి ఇంటికీ ఒకటి.

సాయంత్రం బస్సు దిగి వచ్చిన మొగుణ్ణి గుమ్మంలోనే ఆపింది.

"డాక్టరు ఏమన్నాడు?"

"పన్ను గట్టిదే అన్నాడు," అన్నాడు వెంకటప్పయ్య. జేబులోంచి బాలి బోరు కొత్త రిపోర్టు తొంగి చూస్తోంది.

"అన్నీ వెతికా. మన బోరు కాయితమేదీ?"

ఆయన నేల చూపులు చూశాడు. "మనం అరిస్తే ఎవడో ఒకడు వింటాడే. బాలి అరిస్తే కాయితం అడుగుతారు."

మొగుడూ పెళ్లాలు పాత రిపోర్టూ కొత్త రిపోర్టూ తీసుకెళ్లి కలెక్టరాఫీసులో పక్కపక్కన పరిచారు. అధికారులు విచారణ తేలేదాకా పని ఆపించారు, తండాకు రోజూ కంపెనీయే ట్యాంకరు పంపాలన్నారు.

మొదటి ట్యాంకరు వచ్చిన రోజు వెంకటప్పయ్య కుళాయికి అడ్డం నిలబడ్డాడు. గ్లాసు పట్టి, నోట్లో పోసుకొని కళ్లు మూశాడు. తండా అంతా పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"జల్దీ కానీ తాతా! ఇంకో ట్రిప్పుంది," అన్నాడు డ్రైవరు.

"ఆగవయ్యా!" అంటూ పద్మావతమ్మ ముందుకొచ్చింది. ఇంటి దగ్గర తమ సొంత బోరు నీళ్లు పట్టి, తేదీ రాసి తెచ్చిన సీసాను మొగుడి చంకలో దోపింది. తనూ ఒక గ్లాసు పట్టి బుగ్గలు పొంగించి, ఆయన పక్కనే నిలబడి కళ్లు మూసుకుంది.

ఇరవై తొమ్మిది దగ్గర ఆమెకు నవ్వాగలేదు. డ్రైవరు చొక్కా మొత్తం తడిసిపోయింది.