బుగ్గల మీది బర్మా

గంధపుచెక్క అరగదీస్తుంటే, దొరల కాలపు రంగూన్‌లో మా పొరుగున ఉన్న బర్మావాళ్ల డో మ్యా పెద్దమ్మ గుర్తొస్తుంది. రోజూ చెక్క అరగదీసి, కూతురితోబాటు నా బుగ్గలకీ తనకా అనే ఆ చెక్కగంధం పూసేది. దాంతో నేను బర్మాదాన్నైపోయాననీ, అమ్మొక్కతే పాపం తెలుగుదనీ అనుకునేదాన్ని. తెలుగులో తనఖా అంటే తాకట్టని అప్పటికి తెలియదు.

పెద్దమ్మ కూతురికి చెవులు కుట్టే పండగనాడు, ఊరేగింపు ముందు వరసలో పూలపళ్లెం పట్టుకుని నిలబడ్డాను. పెద్దమ్మ నవ్వుతూనే పళ్లెం లాక్కుంది.

“ఇది మా పిల్లలు పట్టాలమ్మా. నువ్వు ఇండియాదానివి కదా, వెనక్కెళ్లు.”

ఏడుస్తూ ఇంటికొస్తే అమ్మ కొంగుతో నా బుగ్గలు తుడిచింది.

“మనం కోరంగి రేవు నుంచొచ్చినోలం. ఏటనుకున్నావే?”

“కోరంగి ఎలాగుంటాదమ్మా?”

అమ్మ చెయ్యి ఆగింది.

“నాకేటి తెలుసు? నానూ ఈడే పుట్టినాను.”

పెద్దమ్మా అమ్మా కలిసి నన్ను మోసం చేశారనుకున్నాను. అమ్మ కూడా ఒకనాడు నాలాగే ముందు వరసలో నిలబడే ఉంటుందని తోచడానికి చాలా ఏళ్లు పట్టింది.