నా గేర్‌బాక్స్, మా నాన్న ఫర్నేసు

భిలాయిలో ఉంటూ మీ బండి వేడెక్కుతోందని నలుగురి ముందూ అన్నారంటే మీ పని అయిపోయినట్టే. ఈ ఊళ్ళో ప్రతి రెండో ఇంట్లో స్టీల్ ప్లాంటులో రిటైరైన పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. ఆయన ఉద్యోగమంతా ఏదో ఒక మండే వస్తువు పక్కన నిలబడి చేసి ఉంటాడు. రోలింగ్ మిల్లులో పనిచేసిన ఎదురింటి బాబాయి నా కారు ముందు బంపర్ కోసేసి గాలికి దారి చెయ్యమన్నాడు. కోక్ ఓవెన్స్‌లో చేసిన ఇంకొకాయన అసలు బండి ఎండలో పెట్టడమే తప్పన్నాడు. వీళ్ళని భరించవచ్చు, చీకటి పడితే ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ముప్ఫై ఆరేళ్ళు కూలింగ్ నీళ్ళు చూసిన మనిషి మాత్రం రుఆబాంధాలో మా ఇంట్లోనే ఉంటాడు. ఆయన మా నాన్న. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

నా ఎడమ మోకాలు సరిగ్గా మడతపడదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న స్కూటర్ మీద బడికి వెళ్తూ సెక్టర్ 6 మలుపులో పడ్డాం. క్లచ్ తొక్కలేను కాబట్టి నలభయ్యేళ్ళు వచ్చేదాకా ఎవరో ఒకరి పక్కన కూర్చునే తిరిగాను. బజారుకైనా, ఆస్పత్రికైనా, నేను ఫిజిక్స్ చెప్పే భిలాయి-3 స్కూలుకైనా ముందు ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. చివరికి ఒక ఆటోమేటిక్ కొన్నాను. చిన్నాచితకా బండి కాదు, టర్బో ఇంజన్ ఉన్న సెకండ్ హ్యాండ్ సెడాన్. యాక్సిలరేటర్ నొక్కితే వీపు సీటుకు అతుక్కుపోతుంది. కుంటికాలిదానికి అంత పరుగెందుకని చుట్టాలన్నారు. వాళ్ళు అలా అంటారనే కొన్నాను.

క్లచ్ మీద మన కాలు చేసే పని ఆటోమేటిక్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ చేస్తుంది. ఆ ఆయిల్ మరీ కాగితే పట్టు పోతుంది, గేర్‌బాక్స్ తనను తాను కాపాడుకోవడానికి మొరాయిస్తుంది. పోయినేడాది మే నెలలో నాన్నా నేనూ జగదల్‌పూర్‌లో పెళ్ళికి వెళ్తుంటే కేశ్‌కాల్ ఘాట్ కొండదారిలో నా బండి చేసింది అదే. ముందు లారీలు, వెనక లారీలు, నిప్పులు చెరిగే ఎండ. ఎర్ర గుర్తు వెలిగి బండి నిలిచిపోయింది. రెండు గంటలు రోడ్డు పక్కన కూర్చున్నాం.

"ఇంకోపాలి ఈ బండి రోడ్డు మీద ఆగిందనుకో, అమ్మీద్దాం. ఇస్కూలుకి నానే దింపుతాను, నానే తెస్తాను. ఏటంటావు?" అన్నాడు నాన్న.

నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. సరేనన్నాను. అలా నా స్టీరింగ్‌ని నా చేతులారా ఆయన షరతుకు తాకట్టు పెట్టాను. డెబ్భై దాటిన మనిషి, తన పాత డొక్కు కారులో నన్ను బడిపిల్లలా దింపుతానంటుంటే ఒప్పుకున్నాను.

తిరిగొచ్చిన వారంలోనే విడిగా అమ్మే గేర్‌బాక్స్ కూలర్ తెప్పించాను. చిన్న రేడియేటర్‌లా ఉంటుంది. ముందు బంపర్ వెనక బిగిస్తే కాగిన ఆయిల్ అందులో తిరిగి, గాలికి చల్లబడి మళ్ళీ గేర్‌బాక్స్‌కి వెళ్తుంది. దానితోపాటు బొటనవేలంత థర్మోస్టాట్ వాల్వ్ ఒకటి వచ్చింది. ఆయిల్ తగినంత వేడెక్కేదాకా కూలర్‌లోకి పోనివ్వకపోవడం దాని పని. పవర్‌హౌస్ దగ్గర మాకు తెలిసిన మెకానిక్ షెడ్డులో స్టూల్ వేసుకుని కూర్చున్న నాన్న ఆ వాల్వ్‌ని తేలుని చూసినట్టు చూశాడు.

"ఇదెందుకు?"

"ఆయిల్ మరీ చల్లగా ఉన్నా మంచిది కాదు నాన్నా. చిక్కగా ఉంటుంది, గేర్లు సరిగ్గా పడవు."

"ఫర్నేసు ఆగినా నీల్లు ఆగకూడదు. ఇలాంటిది ఏదో ఒకనాడు మూసుకుంటాది. అప్పుడేటి చేస్తావు?"

"ఇది ఫర్నేసు కాదు."

"కాగేదేదైనా ఒకటే."

పిల్లలకు ఏటా చెప్పే పాఠమే ఆయనకు అరగంట చెప్పాను. తల ఊపుతూ విన్నాడు. ఆ ఊపడం చూసి ఒప్పుకున్నాడనుకోవడం నా బుద్ధితక్కువ. స్కూల్లో స్టాఫ్ మీటింగ్ ఉంటే బండినీ ఆయన్నీ అక్కడే వదిలి ఆటో పట్టుకుని వెళ్ళిపోయాను.

ఎండలు పోయాయి, వానలు పోయాయి, బండి ఎక్కడా ఆగలేదు. కానీ నేను ఇంటికి రావడం ఆలస్యం, నాన్న బానెట్ తెరిపించి కూలర్ పైపులు పట్టుకుని చూసేవాడు. ఇన్‌లెట్ ఎంత, ఔట్‌లెట్ ఎంత, తేడా ఎంత. ఆయిల్ ఎంత వేడిగా ఉందో ఫోన్‌లో కనిపించే పరికరం పెట్టించాను మొర్రో అన్నా వినడు. చెప్పులు విప్పకముందే ఈ విచారణ. విసిగి వేసారిపోయాను.

డిసెంబర్‌లో పొద్దున్నే బయల్దేరితే బండి కుదపడం మొదలుపెట్టింది. గేరు మారడానికి ఒక క్షణం ఆలోచించి, వెనకనుంచి ఎవరో తన్నినట్టు మారేది. ఫోన్‌లో చూస్తే ఆయిల్ వేడి యాభై డిగ్రీలు దాటడం లేదు. స్కూలుకు చేరేదాకా నలభై ఎనిమిది, నలభై తొమ్మిది. వాల్వ్ పనిచెయ్యక చల్లటి ఆయిల్ కూడా కూలర్‌లోకే పోతోందని, ఫిజిక్స్ టీచర్నై ఉండి, బోధపడడానికి నాకు వారం పట్టింది. ఈలోగా ఒకరోజు భిలాయి-3 స్టేషన్ మలుపులో గేరు పడక బండి రోడ్డు మధ్యలో నిలబడింది, వెనక అందరూ హారన్లు. పది సెకన్లు కూడా కాలేదు. దాన్నే ఎదురింటి బాబాయి చూడాలా?

"ఆగిందంట కదా," అన్నాడు నాన్న సాయంత్రం.

"ఆగలేదు. గేరు పడడం ఆలస్యమైంది."

"ఆగడమంటే అదే. ఆదివారం బండి చూడ్డానికి ఒకాయన్ని రమ్మన్నాను."

ఒప్పుకున్న మాట ఒప్పుకున్నదే. అయినా వాల్వ్ సంగతి తేల్చుకుందామని శనివారం మెకానిక్ దగ్గరకు వెళ్తుంటే నాన్న కూడా ఎక్కాడు. మెకానిక్ ముందు బంపర్ విప్పాడు. వాల్వ్ ఉండాల్సిన చోట వట్టి పైపు ఉంది. అతను నా వంక చూడకుండా నాన్న వంక చూశాడు.

"దీదీ, అంకుల్ హీ నికల్వాయే థే," అన్నాడు. మా భాష అంతంతమాత్రంగా వచ్చినా, నాకు అర్థం కాలేదనుకున్నాడో ఏమో, తెలుగులో కూడా చెప్పాడు. "అంకులే తీయమన్నారు. మీకు చెప్పొద్దన్నారు."

వాల్వ్ అతని సొరుగులోనే ఉంది, కాగితంలో చుట్టి.

నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. "షరతు పెట్టిందీ నువ్వే, బండి పాడుచేసిందీ నువ్వే. ఎందుకు చేశావు నాన్నా?"

"మెసీన్ని నమ్మకూడదమ్మా."

"ఎందుకు నమ్మకూడదు? నీ స్కూటర్ బ్రేకు ఫెయిలైందనా? దాని పాపం నా బండికి చుడతావా?"

ఇంట్లో ఎప్పుడూ చెప్పుకునే కారణం అదే, బ్రేకు ఫెయిలైందని. అయినా ఆ మాట ఆయన ముఖం మీద నేనెప్పుడూ అనలేదు. నాన్న స్టూల్ దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు.

"బ్రేకు ఫెయిలవలేదు," అన్నాడు. "రాత్రి డ్యూటీ చేసొచ్చి నిన్ను ఎక్కించుకున్నాను. మలుపు కాడ కునుకు పట్టీసింది. నువ్వు ఎనకాల ఏదో కబురు చెప్తన్నావు. అది ఇనిపిస్తానే ఉంది నాకు."

ముప్ఫై ఏళ్ళకు పైగా నేను ఒక బ్రేకును తిట్టుకున్నాను. ఆ సంగతి చెప్పడానికి ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఒక్క పూట దొరకలేదా ఈయనకు? గ్రీజు కంపులో, పరాయి మనిషి ముందు, నేను సగం తిట్లలో ఉండగా చెప్పాలా? ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా చోటు లేదు. ఆయన్ని ఓదార్చబుద్ధి కాలేదు, ఇంకొక మాట అనబుద్ధీ కాలేదు.

"భయ్యా, వాల్వ్ పెట్టెయ్యండి," అన్నాను మెకానిక్‌తో. "బండి నేను అమ్మను నాన్నా."

"అమ్మొద్దు," అన్నాడు నేల చూస్తూ.

ఆదివారం వచ్చినాయన్ని నాన్నే గుమ్మంలోంచి పంపేశాడు. నేను వారం రోజులు అవసరానికి మాత్రమే మాట్లాడాను. ఆ తర్వాత మామూలుగానే పోట్లాడుకున్నాం.

ఈ మే నెలలో జగదల్‌పూర్‌లో మళ్ళీ ఒక శుభకార్యం పడింది. నాన్న వస్తానన్నాడు. కేశ్‌కాల్ ఘాట్‌లో మళ్ళీ అవే లారీలు, అదే ఎండ. మూడో మలుపులో ఇరుక్కున్నాం. ఫోన్‌లో అంకె తొంభై దాటింది. తొంభై ఎనిమిది. నూట రెండు. నూట అయిదు దగ్గర నిలబడింది. రెండు నిమిషాలు చూశాను, అయిదు నిమిషాలు చూశాను, అక్కడినుంచి కదల్లేదు, ఎర్ర గుర్తూ వెలగలేదు.

"చూడు నాన్నా," అంటూ ఫోన్ ఆయన వైపు తిప్పాను.

నిద్రపోతున్నాడు. తల అద్దానికి ఆనించి, కళ్ళజోడు ముక్కు చివరికి జారి, నోరు తెరుచుకుని. నా పక్కన కూర్చున్నాడంటే లేని బ్రేకుని కాలితో నొక్కుతూ, రోడ్డుని నాకంటే ఎక్కువ చూసే మనిషి. ఏడాది పాటు ఏ అంకె కోసం నా బుర్ర తిన్నాడో ఆ అంకె తీరా చూపించబోతే గురక పెడుతున్నాడు. భలే చిరాకేసింది.

ముందు లారీ కదిలింది. ఆయన తల అద్దానికి కొట్టుకోకుండా యాక్సిలరేటర్ మీద మెల్లగా, చాలా మెల్లగా కాలు ఆనించాను.