మస్తాన్ పాటకి సౌండ్ తగ్గించాను

దయ్యాలంటే నవ్వే రకం నేను. అద్దె తక్కువని ఒంగోల్లో శ్మశానం గోడ పక్క ఇంట్లో నాలుగేళ్లు కాపురం చేశాను. ఒక్కనాడూ ఉలిక్కిపడలేదు. ఇప్పుడు చెప్పబోయేది దయ్యాల సంగతో కాదో కూడా నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాకు పాటలు సీడీల్లోకి ఎక్కించే షాపు ఉండేది. సాయంత్రాలు మా ఊళ్లో ఒక మాస్టారు నడిపే ఆర్కెస్ట్రాలో పాడేవాణ్ణి. మస్తాన్ కూడా అందులోనే పాడేవాడు. పగలు టైలరు. ఇద్దరిదీ ఒకటే ఈడు, ఏరా అంటే ఏరా అనుకునేవాళ్లం.

వాడి గొంతంటే నాకు కుళ్లు. దాచడమెందుకు! నేను మూడేళ్లు సంగీతం నేర్చుకున్నాను. వాడు మిషను తొక్కుతూ పాడుకున్నాడు. అయినా వన్స్‌మోర్‌లు వాడికే. మా ఆవిడ పద్మ ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ కూనిరాగం తీసేది. అదీ వాడి పాటే. ఆ పూట నాకు అన్నం సయించేది కాదు.

కొత్తపట్నం వైపు ఒక ఊరి తిరునాళ్ల కమిటీ శాంపిల్ సీడీ అడిగింది. అది విని మెయిన్ సింగర్ ఎవరో వాళ్లే చెబుతారట. నావి మూడు పాటలు, వాడివి మూడు. కొన్ని పాత క్యాసెట్లవి, కొన్ని స్టేజీ మీద రికార్డు చేసినవి. ఒకటి చెవులు అదరగొడుతుంది, ఇంకొకటి వినపడదు. అన్నిటినీ ఒకే లెవెల్‌కి తెమ్మని మాస్టారు నాకు అప్పగించారు.

దానికి కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. పాట ఎంత గట్టిగా ఉందో అంకెల్లో చూపిస్తుంది. మనం ఏ అంకె కొడితే అక్కడికి తెస్తుంది. నా పాటలకి ఎనభై తొమ్మిది కొట్టాను. వాడివాటికి ఎనభై మూడు. పీలగొంతు అనిపిస్తే చాలు నాకు.

మాస్టారు విని, "ఎక్కడా తేడా లేదు శీనూ, బ్రహ్మాండంగా సమం చేశావ్" అన్నారు. పక్కనే కూర్చున్న నాకు మస్తాన్ పాటలు సన్నగానే వినపడ్డాయి. పెద్దాయన చెవి మందగించిందనుకున్నాను. షాపుకొచ్చి డెబ్బై నాలుగుకి దించాను.

కమిటీవాళ్లు టీ కొట్లో సీడీ పెట్టించారు. వాడి పాట వస్తుంటే నాకు స్టవ్ చప్పుడే ఎక్కువగా వినపడింది. వాళ్లు మాత్రం తలలూపుతూ విన్నారు. మస్తాన్‌నే మెయిన్ అన్నారు.

ఒళ్లు మండిపోయింది. సీడీ వెనక్కి తెచ్చి చూస్తే అంకె డెబ్బై నాలుగే. పక్క షాపు కంప్యూటర్లోనూ అంతే. ఆ షాపతను మాత్రం, "సౌండ్ బానే ఉందిగా అన్నా!" అన్నాడు.

మధ్యాహ్నం ఇంటికెళ్లి అదే సీడీ పెట్టాను. పద్మ తొడిమలు తీస్తోంది. నా పాటలు మూడూ అయ్యాయి. ఆ తర్వాత నాకు ఏమీ వినపడలేదు. పద్మ మాత్రం చేట మీద వేళ్లతో తాళం వేస్తోంది.

"ఏమండీ, కాస్త తగ్గించండి. మస్తాన్ అన్న పాట వీధి చివరిదాకా పోతోంది" అంది.

ఆ సాయంత్రమే వాడి పాటలన్నీ తిరిగి ఎనభై తొమ్మిదికి తెచ్చాను. లాభం లేకపోయింది.

తిరునాళ్లలో వాడి పక్కనే నిలబడ్డాను. తబలా వినపడింది, కీబోర్డు వినపడింది, జనం ఈలలు వినపడ్డాయి. వాడి పెదాలు కదులుతున్నాయి, గొంతు లేదు. గుంటూరులో చెవుల డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఏ లోపమూ లేదన్నాడు.

మస్తాన్ మామూలుగా మాట్లాడితే వినపడతాడు. "ఏరా శీనూ, నల్లబడ్డావేంటి?" అన్నా వినపడుతుంది. పాట ఎత్తుకుంటేనే ఏమీ వినపడదు. ఎందుకో ఇన్నేళ్లయినా నాకు అంతుబట్టలేదు.

వాడి గొంతు మునుపటికంటే బాగుందని పద్మ అంటుంది. బాగుందో లేదో నాకెలా తెలుస్తుంది? ఆవిడ మాటే నమ్మాలి.