ఎర్రగీత కింద మాట

నేనూ నా స్నేహితుడూ కడపలో ఒక గది తీసుకుని రాజంపేట మామిడి మండీకి వేలంపాట వెబ్‌సైట్ చేశాం. దాన్ని కట్టడానికి వాడిన ఫ్రేమ్‌వర్క్, అంటే సిద్ధంగా దొరికే కోడ్ చట్రం, అతని ఎంపిక. తేలికైనదే, కానీ వాడేవాళ్లు తక్కువ. కోడ్‌లో తప్పుంటే అది ఏమీ చెప్పదు. పేజీ తెల్లగా వస్తుంది, అంతే. కోడ్ రాసే ఎడిటర్లలోనూ దానికి సాయం లేదు. అందుకని తప్పున్న చోట ఎర్రగీత గీసి చూపే టూల్ ఒకటి అతనే రాసి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని నెట్‌లో పెట్టాడు. అది వచ్చాకే బయటివాళ్లు ఆ ఫ్రేమ్‌వర్క్ వైపు చూశారు. వాళ్లకు గీత కింద తప్పేమిటో ఇంగ్లీషులో వస్తుంది. మా ఇద్దరికి మాత్రం ఆ మాటలు తన యాసలోనే రాసుకున్నాడు.

చలికాలంలో కర్నూలు రోడ్డు మీద ప్రమాదంలో పోయాడు.

కాయలు దిగే రోజులొచ్చాయి. బేనీషా రకం మామిడికి వేరే వేలంపాట కావాలని మండీ యజమాని అడిగితే నేనొక్కడినే కోడ్ మార్చాను. ఉదయం సరుకు వివరాలన్నీ కొత్త పద్ధతిలో ఎక్కాయి. పాట పేజీ మాత్రం తెల్లగా వచ్చింది. పాతదానికి వెనక్కి పోతే ఆ వివరాలు పోతాయి. తప్పు వెతుకుదామంటే, ఎడిటర్ తనంతట తనే కొత్త వెర్షన్‌కు మారి ఉంది. దాంతో అతని టూల్ పనిచేయడం లేదు. గంటలో పాట. ఎండకు కాయ ఆగదు.

నెట్‌లో అతను టూల్ పెట్టిన పేజీ తెరిచాను. ఇలా అవుతుందని ముందే కనిపెట్టి ఎవరో సవరణ రాసి పంపారు. ఒప్పుకోమని రెండోసారి కూడా అడిగారు. ఒప్పుకోవలసినవాడు లేడు. టూల్‌కు నా పేరున నకలు తీసుకుని ఆ సవరణ కలిపితే చాలు. చెయ్యి రాలేదు.

అంతలో యజమాని ఫోన్. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన అందుకున్నాడు.

"ఏమప్పా, మా నాయన పోయినాక ఏడాది దాకా ఆయన గద్దె మింద ఎవురమూ కూసోలేదు. పక్కన చాప ఏసుకుని యాపారం సేసినాం. తక్కెడ ఆపింటే ఆయనే తిట్టేటోడు. ఈడ లారీలు నిలబడుండాయి, సూడు."

నకలు తీశాను. రాసినవారు అన్న చోట నా స్నేహితుడి పేరు అలాగే ఉంచాను. సవరణ కలిపి ఎడిటర్ మళ్లీ తెరిచాను. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఎర్రగీత పడింది, దాని కింద అతని మాట.

"ఈడ బ్రాకెట్ మూయలేదు సూడప్పా. నిద్రపోతాండావా?"

ఫోన్‌లో యజమాని, వచ్చిందా అని అడుగుతున్నాడు. ఆ మాట ఇంకోసారి చదివి బ్రాకెట్ మూశాను. గీతతోపాటు ఆ మాటా పోయింది. పేజీ వచ్చింది, అవతల మండీలో పాట మొదలైంది.