టెస్ట్ డ్రైవులో కునుకు

కాశీబుగ్గ కార్ల షోరూములో పనిచేసే మా బామ్మర్ది, మీసం మొలిచిన ప్రతివాడినీ ప్రకటనలోని ముక్కతోనే పలకరించేవాడు. "సార్, మీ జీవిత లక్ష్యం ఏంటి? ఈ కారులో బయల్దేరండి!" ఆ ముక్క రోజుకు లక్షసార్లు, అదీ నిలబడే చెప్పాలి. చుట్టూ వెయ్యి మెత్తటి సీట్లున్నా అమ్మేవాళ్లు కూర్చోకూడదని రూలు.

ఒకరోజు నేనే అడిగాను. "నీ లక్ష్యం ఏట్రా మరి?"

వాచిన కాళ్లు చూసుకుంటూ, "కూకోవాల బావా. అంతే," అన్నాడు.

సైకిలు ట్యూబు కొనడానికే గతిలేని నేను వెంటనే టెస్ట్ డ్రైవు కావాలన్నాను. రూలు ప్రకారం వాడు నా పక్కన కూర్చోక తప్పదు.

"సార్, మీ జీవిత..." అని నాకే మొదలెట్టి, మధ్యలోనే గురకపెట్టాడు.

టెక్కలి దాకా ఏనుగులు పట్టే గోతులన్నీ తప్పించుకుంటూ నడిపాను. ఆ పూట నా జీవిత లక్ష్యం ఒక్కటే, సడన్‌గా బ్రేకు వెయ్యకపోవడం.