మడత పడని బెల్టు

ఆసుపత్రి గుమ్మం ముందు ఆగిన కారులో సీట్ల మేస్త్రీ పసిపిల్ల సీటు మీద మోకాలు ఆనించి, బరువంతా మోపి కారు బెల్టును బలంగా లాగాడు. రెండు చేతులా ఊపి చూశాడు, సీటు కదల్లేదు. కారు సీట్లు కుట్టీ కుట్టీ కాయలు కాచిన వేళ్లు ఆయనవి. మాటకన్నా వాటినే నమ్ముతాడు. మూడు రోజుల పాప మొదటిసారి ఇంటికి వెళ్తోందని ఎవరికీ కాలు ఒకచోట నిలవడం లేదు. నాయనమ్మ తను అల్లిన మందపాటి దుప్పటిలో చుట్టిన పాపను సీట్లో పడుకోబెట్టి, ఆ సీటుకున్న బెల్టు తనే తగిలించింది. "ఎంత బిగుతుగా ఉందో చూడవయ్యా!"

మేస్త్రీ బెల్టు విప్పి, దుప్పటి తీసి, కొలత మార్చకుండా మళ్లీ తగిలించాడు. పాప భుజానికీ బెల్టుకీ మధ్య ఆయన నాలుగు వేళ్లూ దూరాయి. నాయనమ్మ వంగి ఆ సందు చూసింది. "అమ్మో! బ్రేకు వేస్తే నా బంగారం ఎగిరిపడేదే!" "దుప్పటి అణిగిపోయి బెల్టు వదులవుతుందమ్మా. అది పైన కప్పాలి" అంటూ ఆయన బెల్టు బిగించాడు. భుజం దగ్గర బెల్టును రెండు వేళ్లతో పట్టి మడత పెట్టబోయాడు, వేళ్లు జారాయి. "మడత పడకపోతే సరిగ్గా బిగిసినట్టే. మీరూ చూడండి." ఆవిడ వేళ్లూ జారాయి. "ఒరేయ్, మడత పడలేదురా!" అని గుమ్మం దగ్గరున్న కొడుకుకు వినపడేలా సంబరంగా కేకేసి, దుప్పటి పైన కప్పింది. మేస్త్రీ తలుపు మెల్లగా మూసి, కారు తాళాలు ఆవిడ కొడుకు చేతిలో పెట్టాడు.