సుగుణ ఆంటీకి నేర్పిన ఇంగ్లిష్ మాట

మా చిన్నప్పుడు... కువైట్‌లోని ఫర్వానియాలో మా ఫ్లాట్‌లో అమ్మ అన్నం వారుస్తుంటే ఎవరో తలుపు తట్టారు. తీస్తే సుగుణ ఆంటీ. మా అమలాపురం వైపు మనిషే, చర్చిలో పరిచయం. ఒక అరబ్బుల ఇంట్లో పని చేసేది. కాళ్ళకు చెప్పుల్లేవు...

అమ్మ గంజిలో ఉప్పు వేసి ఇచ్చింది. ఆంటీ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని తాగింది.

"మా ఇంటావిడ, మామా అంటాంలెండి, వంటింటికి తాళం ఏసేత్తందండి సిస్టరు గారూ... ఆళ్ళు తిన్నాక మిగిలితే కుబ్బూసు రొట్టి ముక్క, లేపోతే అదీ లేదు."

అమ్మ నర్సు. ఆంటీ మణికట్టు పట్టుకుని చూసింది.

మర్నాడు ఆవిడను పనిలో పెట్టిన ఏజెంటు ఆఫీసుకు బయలుదేరాం, వేరే ఇంటికి మార్చమని అడగడానికి. బస్సులో ఆంటీ నన్ను అడిగింది.

"నాకు తిండెట్టట్లేదని ఇంగ్లీషులో ఎలా చెప్పాలమ్మా?"

ఆ వారమే మా టీచరు 'స్టార్వ్' గురించి చెప్పారు. వెనకటి ఇంగ్లిష్‌లో ఆ మాటకు 'చచ్చిపోవడం' అనే అర్థమట. తర్వాత చలికో ఆకలికో చావడం... ఆ తర్వాత ఆకలికి మాత్రమే. అంత బరువైన మాట కదా అని అదే నేర్పాను. దారంతా ఆంటీ వల్లె వేసుకుంది.

"సార్... ఐ స్టార్వ్," అంది ఆఫీసులో.

గుమాస్తా గడియారం చూసి నవ్వాడు. "లంచ్ టైమ్ కదా, మీ టూ స్టార్వింగ్!" పక్కవాళ్ళూ నవ్వారు. అమ్మ ఏదో చెప్పబోతే "ఖలాస్" అని చెయ్యి ఊపి, కఫీల్‌కు, అంటే ఆంటీ పనిచేసే ఇంటి యజమానికి, ఫోన్ చేశాడు.

ఆ ఇంటి కారు వచ్చింది. ఎక్కుతూ ఆంటీ నా తల నిమిరింది. "బాగానే చెప్పాను కదమ్మా?"

ఎండలు ముదిరాక అమ్మ వార్డుకు ఒకావిడను తెచ్చారు. అమ్మ ఆనవాలు పట్టలేకపోయింది... "సిస్టరు గారూ" అన్న పిలుపు విని పట్టింది. ఆ వారం దాటకుండానే ఆంటీ పోయింది.

తర్వాత పరీక్షలో ఆ మాటతో సొంత వాక్యం రాయమన్నారు. 'సుగుణ ఆంటీ స్టార్వ్‌డ్' అని రాశాను.

టీచరు పిలిచారు. "ఏం, ఆంటీ అన్నం తినలేదా?"

"చచ్చిపోయింది మిస్."

"ఆ అర్థంలో ఇప్పుడెవరూ వాడరమ్మా," అన్నారు మెల్లగా.

నేను ఇప్పటికీ ఫర్వానియాలోనే ఉంటున్నాను. అప్పట్లో ఇలాంటి వాళ్ళు తలుపు తట్టేవారు... ఇప్పుడు కాపాడమని వీడియోలు పంపుతున్నారు. చూసి, అయ్యో అనుకుని, వేలితో పైకి తోసేస్తున్నాం.

మీ తలుపు తట్టినవాళ్ళు ఎవరైనా గుర్తున్నారా? ఉంటే వాళ్ళ పేరు కింద రాయండి... పేరైనా మిగలనీ.